ఆ పీరియడ్ నాకివ్వండి సార్

మా బడి టైంటేబుల్లో పదో తరగతికి మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి ‘ఆటలు’ అని రాసి ఉంటుంది. ఏడో పీరియడ్. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, ఎర్ర సిరా. ఆ దస్తూరీ నాదే. టైంటేబుల్ వేసే పని ఏ బడిలోనైనా లెక్కల టీచరు నెత్తినే పడుతుంది గనక జూన్‌లో ఆ గడి నింపేది నేను. ఆగస్టు రాకముందే ఆ గడిని మింగేసేదీ నేనే.

“సార్, ఇవాళ ఆ పీరియడ్ నాకివ్వండి. త్రికోణమితి ఎక్కడిదక్కడే ఉంది.”

“తీసుకోండి మేడమ్.”

బళ్ళు మారాయి, పీడీలు మారారు, ఈ రెండు మాటలూ మారలేదు. ఏ పీడీ గారూ కాదనలేదు. కాదనే హక్కు తమకుందని వాళ్ళు మరిచిపోయారు, మేం గుర్తు చేయలేదు. రానురానూ వాళ్ళ చేతిలో బంతి పోయి బెత్తం వచ్చింది. ప్రార్థనలో వరసలు సరిచేయడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టడం, ఆగస్టు పదిహేనుకి కవాతు నేర్పడం. ఆటల మాస్టారిని కాపలా మాస్టారుగా మార్చింది మేమే, ఆ తర్వాత ‘ఆయనకేం పని ఉంటుంది’ అని స్టాఫ్‌రూంలో నవ్వుకున్నదీ మేమే.

ఈ మధ్య కూర్చుని లెక్క కట్టాను. వారానికి ఒక్కటే తీసుకున్నానని తక్కువగానే వేసుకున్నా ఏడాదికి 30 పీరియడ్లు. 26 ఏళ్ళ సర్వీసు. 780 పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. 520 గంటలు. గదికి 40 మంది పిల్లలనుకుంటే 20,800 గంటల ఆట. ఇంతమంది దగ్గర ఇంత తీసుకున్నాక కూడా త్రికోణమితి ఏ ఏడాదీ ముందుగా అవలేదు. అది వేరే సంగతి.

నేనొక్కదాన్నే అయితే ఇంత రాసేదాన్ని కాదు. సైన్సు సార్ శుక్రవారం తీసుకునేవారు. ఇంగ్లిష్ మేడమ్‌కీ నాకూ మంగళవారం గడి కోసం రెండుసార్లు మాటామాటా వచ్చి వారం రోజులు పలకరింపుల్లేవు. దొంగసొత్తు పంచుకునేటప్పుడు వచ్చే తగాదా అది. హెడ్మాస్టరు గారికి తెలుసు, తనిఖీకి వచ్చినవాళ్ళకి తెలుసు, తల్లిదండ్రులకి తెలుసు. తల్లులైతే గేటు దగ్గర ఆపి చెయ్యి పట్టుకునేవారు. “మీ పుణ్యమా అని మావాడు ఆటల మీద ధ్యాస తగ్గించాడు టీచరుగారూ.” ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని.

మే నెలలో నాకు బదిలీ అయింది. ఒక బడిలో ఎనిమిదేళ్ళు నిండితే కదలాల్సిందే. బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున వేరే కొట్టు బయటపడింది. నాలుగు టెన్నిస్ బంతులు, అందులో ఒకటి నడిమికి చీలింది. మేకు ఊడిన బొంగరం. హార్లిక్స్ సీసా మూతలో గోళీలు. ఎవరో ఎంతో శ్రద్ధగా చేసిన రాకెట్టు, రెక్క విప్పి చూస్తే నా యూనిట్ పరీక్ష జవాబుపత్రమే. 25కి 9. ఇంకా ఒక పాత జడరిబ్బను ముక్కతో కట్టిన గుడ్డ మూట. విప్పితే నాలుగు చింతపిక్కలు. ఒక పక్క రాతి మీద అరగదీసి తెల్లగా చేసినవి. అష్టాచెమ్మా పిక్కలు. అలా అరగదీయాలంటే ఓపిక కావాలి. వేలు కాలుతుంది, మధ్యలో పిక్క రెండుగా విరుగుతుంది, మళ్ళీ ఇంకోటి మొదలుపెట్టాలి. ఆ పిల్ల ఎవరో గుర్తుంది. తొమ్మిదో తరగతి, కిటికీ పక్క బెంచీ. అడిగితే నిలబడి ఇచ్చేసింది. ఏడవలేదు. బడి వదిలేటప్పుడు ఇచ్చేస్తానన్నాను.

ఆ మూట నా హ్యాండ్‌బ్యాగులోకి ఎందుకు వేసుకున్నానో అప్పుడు తెలియదు.

*

రెండేళ్ళ క్రితం నాకు బీపీ మొదలైంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. పొద్దున లేచింది మొదలు ఫోన్లో ముఖం చూపించి హాజరు, మరుగుదొడ్ల ఫోటో, మధ్యాహ్న భోజనం ఫోటో, గుడ్ల లెక్క, ఆ పైన పదో తరగతికి 100 రోజుల ప్రణాళిక. టీచర్లందరిదీ ఇదే పాట, కొత్తగా చెప్పేదేం లేదు. డాక్టరమ్మ నా కంటే చిన్నది. మాత్ర రాసిచ్చి, “ఏదైనా సరదాగా చేయండి మేడమ్. చిన్నప్పుడు ఏం ఆడేవారో అది ఆడండి” అంది. ఆ మాటకి నేను నవ్వి వచ్చేశాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఆడుకోవడం ఎలాగో నాకు తెలియడం లేదు. పాస్ బుక్కు ఎక్కడ పెట్టానో మరిచిపోయినట్టు కూడా కాదు, ఈత మరిచిపోయి నీళ్ళలో దిగినట్టు ఉంది.

ఏం చేశాను? అందరూ చేసేదే. నడక మొదలుపెట్టాను, నడకకి మార్కులు వేసుకున్నాను. రోజుకి 10,000 అడుగులు. ఆ పదివేలు ఏ వైద్యశాస్త్రమో తేల్చిన అంకె అనుకునేదాన్ని. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చిందట. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదికి ఎవరి అంకె వాళ్ళు పెట్టేవాళ్ళం. 9,400 అయితే మంచం చుట్టూ తిరిగి 600 పూర్తి చేసిన రాత్రులున్నాయి. మా వారు అడిగారు, “ఆరోగ్యానికా, ర్యాంకుకా?” అని. నేను జవాబు చెప్పలేదు, అప్పటికి ఇంకా 140 మిగిలి ఉన్నాయి.

అసలు మా తరానికి ఆట అంటే ఏమిటో తెలియక కాదు. మేం ఆడినంత ఎవరూ ఆడి ఉండరు. తెనాలికి ఆరు మైళ్ళలో మా ఊరు. వేసవి సెలవుల్లో పొద్దున వీధిలోకి వెళితే అన్నానికి పిలవాలి, మళ్ళీ దీపాల వేళకి పిలవాలి. కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ళ, నేలా-బండ, వామనగుంటలు. బిళ్ళంగోడు మగపిల్లలదే అయినా కరణంగారి దొడ్డి వెనక నేను దొంగచాటుగా ఆడాను. తెలంగాణలో దాన్ని చిర్రగోనె అంటారని ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఈ పేర్లు వల్లించడం ఇప్పుడు ఒక ఫ్యాషన్. సంక్రాంతికి ప్రతి పత్రికా ఒక పేజీ వేస్తుంది, మేం దాన్ని ఫోటో తీసి పంచుకుంటాం, ‘ఆ రోజులే వేరు’ అనుకుంటాం. ఆ రోజుల్ని ఆపేసింది ఎవరో వేరే ఊరివాళ్ళయినట్టు.

నాకు గుర్తొచ్చేవి ఆటల పేర్లకన్నా ఆటలోని మాటలు. పంటలు వేసుకునేవాళ్ళం, చేతులు తిప్పి పైకో కిందకో వేస్తే, వేరుగా పడినవాడు పండినట్టు, చివరికి మిగిలినవాడు దొంగ. దొంగ అంటే ఎవరికీ కోపం రాదు, కాసేపాగితే ఇంకొకడు దొంగ అవుతాడు. ఎవడైనా అన్యాయం చేస్తే తొండి. తొండి చేసినవాడిని తిట్టేవాళ్ళం, వెళ్ళగొట్టేవాళ్ళం కాదు. వాడు లేకపోతే ఆటకి మనిషి చాలడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే, చెప్పు తెగితే, అమ్మ పిలిస్తే, లేదా ఊరికే ఓడిపోయేలా ఉంటే ‘తూచ్’. ఆ ఒక్క మాటతో ఆట ఆగిపోతుంది, జరిగింది జరగనట్టు అయిపోతుంది. నిఘంటువులు వెతకలేదు గానీ దీనికి సాటి వచ్చే మాట మా లెక్కల పుస్తకంలో లేదు.

ఇంకొకడు ఉండేవాడు, అరటిపండు. ఆటలో అరటిపండు. ఎవరి చంకనో ఎక్కి వచ్చిన మూడేళ్ళ తమ్ముడు. వాడికి ఆట తెలియదు, కానీ వదిలేస్తే ఏడుస్తాడు. అందుకని వాడినీ ఆటలోకి తీసుకుంటాం. వాడు పరిగెత్తుతాడు, కేకలేస్తాడు, దాక్కుంటాడు, దాక్కున్నచోట నుంచే ‘నేనిక్కడున్నా’ అని అరుస్తాడు. దొంగ వాడిని చూసీ చూడనట్టు పోతాడు. వాడిని ముట్టుకుంటే లెక్క లేదు. వాడు అవుటవడు, గెలవడు. అందరికంటే వాడే ఎక్కువ ఆడేవాడని ఇప్పుడనిపిస్తుంది.

ఈ మాటే పెద్దవాళ్ళ నోట్లో తిట్టు. ‘నన్ను ఆటలో అరటిపండుని చేశారు’ అని స్టాఫ్‌రూంలో కోపాలు వస్తాయి. అరటిపండుకి మాత్రమే పట్టిన గతి కాదిది. ‘నాతో ఆటలా’, ‘నీ ఆటలు సాగవు’, ‘ఆటలాడుతున్నావా’ అంటే కొట్టడానికి చెయ్యెత్తారని అర్థం. ‘చిన్నపిల్లల ఆట అనుకున్నావా’ అంటే పని చేతకాదని అర్థం. పూర్వం బడి వదలడానికి ‘ఆటవిడుపు’ అన్నారు, ఎంత చక్కటి మాట. దాన్నీ వాడటం మానేశాం. ఇంటర్వెల్ అంటున్నాం, అదీ పదే నిమిషాలు, అందులో ఐదు మరుగుదొడ్డి దగ్గర వరసకి.

తూచ్‌నీ అరటిపండునీ పిల్లల దగ్గర్నుంచి తీసేసిన మనుషుల్లో నేను ముందు వరసలో ఉన్నాను. నా తరగతిలో జరిగింది జరగనట్టు కావడం అనేది లేదు. ప్రతి తప్పూ ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కుతుంది, సంతకానికి ఇంటికి పోతుంది. లెక్కకి రాని పిల్ల అనేది అసలే లేదు. రాని పిల్లని ‘సీ గ్రూపు’లో వేసి పొద్దున ఎనిమిదింటికి ప్రత్యేక తరగతికి రప్పించాం. ఆటస్థలం లేక కాదు. మా బడికి రెండెకరాల చోటుంది. విద్యాహక్కు చట్టం 2009లో ఆటస్థలం ఉండాలని రాశారు, అది ఉందని ప్రతి ఏడూ ఫారంలో టిక్కు పెట్టింది నేనే. మధ్యలో గడ్డి మోకాలెత్తు పెరిగింది.

*

ఒకసారి జిల్లా శిక్షణలో ఒక వింత జరిగింది. నలభై మంది లెక్కల టీచర్లం, ఐదు రోజులు. మూడో రోజు భోజనానికి ముందు రిసోర్స్ పర్సన్ కుర్చీలన్నీ గోడకి జరిపించి, “గద్దా కోడిపిల్లల ఆట ఆడదాం” అన్నాడు. కుర్రవాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఒక తల్లికోడి, వెనక నడుములు పట్టుకుని కోడిపిల్లల వరస, ఎదురుగా గద్ద. ఆడవాళ్ళది ఒక వరస, మగవాళ్ళది ఒక వరస. మొదటి రెండు నిమిషాలు పెళ్ళి ఫోటోకి నిలబడినట్టు నిలబడ్డాం. తర్వాత గద్ద, ఒక హెడ్మాస్టరు గారే, పక్క నుంచి దూకబోయి జారారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్డున దోపుకున్నాం. మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కని మేడమ్ అందరికంటే ముందు పరిగెత్తింది. మా వరస తెగితే ‘తొండి, తొండి’ అని అరిచాం. యాభై ఏళ్ళ మనిషి ఒకాయన చెప్పు ఊడి ‘తూచ్’ అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. హాలంతా ఒక్క క్షణం ఆగి పగలబడి నవ్వింది.

తర్వాత భోజనాలు. సాంబారు చల్లారిందని ఫిర్యాదు. టీఏ, డీఏ ఎంతొస్తుంది, ఎప్పుడు పడుతుంది. మధ్యాహ్నం ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. ‘ఆట ద్వారా బోధన ఎంతవరకు ఉపయోగకరం?’ అన్నచోట ఐదుకి ఐదు వేశాను. ఆ వచ్చే మంగళవారం ఏడో పీరియడ్ తీసుకున్నాను. చేయి వణకలేదు.

దీన్నే నేను దాటలేకపోతున్నాను. తెలియక చేసిన తప్పయితే తెలిశాక సర్దుకుంటాం. నాకు ఆ పదిహేను నిమిషాల్లో ఒళ్ళంతా తెలిసింది. తెలిసి కూడా మళ్ళీ అదే చేశాను. మాలో ఏ ఒక్కరూ వెళ్ళి తమ పిల్లలని గడ్డిలో పరిగెత్తించలేదు. పరిగెత్తించి ఉంటే ఆ వారం గ్రూపులో ఫోటో వచ్చేది, మేం ఫోటో పెట్టకుండా ఏ మంచి పనీ చేయం.

*

మగవాళ్ళకి ఆట ఆగడం నెమ్మదిగా జరుగుతుందేమో. మాకు ఒక్క రోజులో ఆగింది. నాకు పదమూడో ఏట, తొక్కుడుబిళ్ళ ఎనిమిదో గడిలో ఒంటికాలి మీద ఉండగా ఇంట్లోకి పిలిచారు. చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి పెట్టారు. పేరంటాళ్ళు వచ్చి ‘పెద్దమనిషి అయింది’ అన్నారు. ఆ మాట ఎంత నిజమో అప్పుడు తెలియలేదు. పదకొండు రోజుల తర్వాత వీధిలోకి వస్తే నా బిళ్ళ ఎక్కడుందో తెలియలేదు. ‘పెద్దమనిషివి, ఇంకా ఆటలేంటే’ అన్నది మా అమ్మ కాదు, మా పెద్దమ్మ. అమ్మ ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. నేను ఇప్పటిదాకా ఎందరు పిల్లలతో ఆ మాట అన్నానో. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు మైదానంలో కనిపిస్తే ‘ఏంటమ్మా ఇంత పిల్ల’ అనేది మగ టీచర్లకంటే మేమే ఎక్కువ.

అలాగని పెద్ద ఆడవాళ్ళు ఆడడానికి మాకు రోజే లేదా అంటే, ఉంది. అట్లతద్ది. ఆశ్వయుజ బహుళ తదియ. మా అమ్మ చిన్నతనంలో పెళ్ళయినవాళ్ళూ కానివాళ్ళూ నాలుగో ఝాము దాటకముందే లేచి, చద్దన్నం, గోంగూర పచ్చడి, పెరుగుతో కడుపునిండా తిని, చీకట్లోనే వీధిలోకి వచ్చేవారట. తెల్లవారేదాకా ఆటలే. చింతచెట్టుకీ వేపచెట్టుకీ ఉయ్యాలలు. మగపిల్లలు వచ్చి ఏడిపించడం, వీళ్ళు తరమడం. ఆ తర్వాత చంద్రుడు వచ్చేదాకా ఉపవాసం, అట్లు, వాయనాలు. మొగుడి కోసం చేసే నోము అని చెప్పుకున్నారు గానీ, చీకటి ఉండగా ఆడుకోవడానికి ఊరు ఇచ్చిన సెలవు కూడా అదే. మేం చదువుకున్నవాళ్ళం ఈ నోములు పాతవి, మగవాడి కోసం ఆకలితో మాడటమేమిటని వదిలేశాం. వదిలింది మంచిదే. కానీ ఉపవాసంతో పాటు ఉయ్యాలనీ వదిలేశాం. ఉపవాసం మాని ఉయ్యాల ఉంచుకోవచ్చని ఒక్కరికీ తట్టలేదు.

తెలంగాణ ఆడవాళ్ళు నయం. వాళ్ళు బతుకమ్మని చెయ్యరు, జరపరు, ఆడతారు. క్రియాపదమే అది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు మనవరాళ్ళున్న ముసలమ్మలు కూడా ‘ఆడటానికి పోతున్నం’ అంటారు. మా తోటికోడలి ఊరు వరంగల్ దగ్గర. ఒక ఏడు సద్దుల రోజుకి అక్కడున్నాను. ‘రావమ్మా, ఆడు’ అని ఒకావిడ చెయ్యి పట్టుకుని లాగింది. వరసలో అడుగు తప్పుతానేమో, నవ్వుతారేమో అని చెయ్యి విడిపించుకున్నాను. పక్కన నిలబడి వీడియో తీశాను. పన్నెండు నిమిషాల వీడియో. ఇప్పటికీ ఫోన్లో ఉంది, మళ్ళీ ఒక్కసారి కూడా చూడలేదు.

మగవాళ్ళకి మిగిలినవి డబ్బున్న ఆటలు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోళ్ళకి కత్తులు కట్టి బరుల దగ్గర నోట్ల కట్టలు. మిగతా ఏడాదంతా పేకముక్కలు, తర్వాత ఫోన్లో రమ్మీ. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించే దాకా వెళ్ళింది సంగతి. మా స్టాఫ్‌లోనే ఒకాయన జీతమంతా అందులో పోసి అప్పుల పాలయ్యారు. ఆయన్ని మేం తప్పుపట్టాం. గెలుపోటములు లేని ఆట ఆయనకి ఎవరు నేర్పారు? ఆయన మా బడుల్లోంచే వచ్చినవాడు.

మా అబ్బాయిని ఇంటర్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. ఐదంతస్తులు, కింద వాహనాలు, పైన రేకుల షెడ్డు. ఆట మాట అడిగితే ‘రెండేళ్ళు కష్టపడితే జీవితమంతా ఆడుకోవచ్చు సార్’ అన్నారు. అది మాకు చాలా తెలివైన మాటగా తోచింది. ఒక రోజు వార్డెన్ ఫోన్ చేశాడు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పిల్లలు రఫ్ కాగితాలు ఉండచుట్టి, దారం కట్టి, మంచాల కింద నుంచి తన్నుకుంటూ ఆడుతున్నారట. మావాడు అందులో ఉన్నాడట. ఫోన్ వాడికివ్వమని నేనూ తిట్టాను, వార్డెన్‌కంటే గట్టిగా. “సారీ అమ్మా” అన్నాడు. వాడికి ఇప్పుడు 27, బెంగళూరులో ఉద్యోగం. శనివారం రాత్రి గంటకింతని కట్టి వల లోపల బాక్స్ క్రికెట్ ఆడతారు. స్కోరు యాప్‌లో ఎక్కుతుంది, నాకు పంపిస్తాడు. ఓడిపోతే ఆ రాత్రి నిద్ర పట్టదమ్మా అన్నాడొకసారి. మంచాల కింద కాగితపు ఉండకి స్కోరు ఉండేదా అని అడుగుదామనుకున్నాను. అడిగే ముఖం లేదు.

మా సైన్సు సార్ ఒకరోజు స్టాఫ్‌రూంలో ఒక సంగతి చెప్పారు. 2019లో బెర్లిన్‌లో హంబోల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకలకి మనుషులతో దాగుడుమూతలు నేర్పారట. తిండి ఆశ చూపలేదు. దొరికినప్పుడు చక్కిలిగింతలు పెట్టి కాసేపు ఆడించడమే బహుమానం. ఎలుకలు లోపల కనిపించే పెట్టెలకన్నా కనిపించని పెట్టెల్లో దాక్కోవడానికి మొగ్గు చూపాయట, దాక్కున్నప్పుడు కిచకిచలు తగ్గించాయట, దొరికిపోయాక బహుమానానికి ఆగకుండా మళ్ళీ పారిపోయి ఇంకో చోట దాక్కున్నాయట, ఆట ఇంకాసేపు సాగాలని. మేం ‘అబ్బో’ అన్నాం. ఇంతలో బెల్లు కొట్టారు. ఏడో పీరియడ్. సైన్సు సార్ సుద్దముక్క తీసుకుని లేచారు. శుక్రవారం అది.

పెద్దయినా ఆట మాననివాళ్ళు మనకి లేకపోలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి తెలుగు పిల్లలని ఆడించి పాడించారు. ముళ్ళపూడి వెంకటరమణ డెబ్భై దాటాక, ఆకలీ పేదరికమూ నిండిన తన బతుకు కథకి చెట్టెక్కే ఆట పేరు పెట్టారు, ‘కోతికొమ్మచ్చి’ అని. వీళ్ళని మేం చాలా మెచ్చుకుంటాం. బుడుగు పుస్తకం మా ఇంట్లో మూడు ప్రతులున్నాయి. బుడుగులాంటివాడు నా తరగతిలో కూర్చుంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. వాడి జేబులో ఏముందో ఈపాటికి నా సొరుగులో ఉండేది.

పిల్లలకి ఆడుకునే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతుంది, మన దేశం 1992లో అందులో చేరింది. 2024 నుంచి జూన్ 11ని అంతర్జాతీయ ఆటల దినంగా పాటిస్తున్నారు. మాకు ఆ తేదీ పనికిరాదు, బళ్ళు తెరిచే వారం అది, టైంటేబుల్ వేసుకోవాలి.

*

బదిలీ ఉత్తర్వు చేతికొచ్చాక నాలుగు రోజులు అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మకి 78. తమ్ముడి కూతురికి ఎనిమిది. మధ్యాహ్నం అరుగు మీద హ్యాండ్‌బ్యాగులో మాత్రల కోసం వెతుకుతుంటే గుడ్డ మూట జారి పడింది. పిల్ల విప్పింది. అమ్మ చూసి, “ఎంత బాగా అరగదీసిందే, ఎవరో గానీ” అంది. పిల్ల వీపు మీద తట్టి, “పోయి సుద్దముక్క తేవే” అంది.

ఐదు ఐదుల గళ్ళు గీశారు. కాయలకి పిల్ల గాజుముక్కలు తెచ్చుకుంది, పక్కింటి పిల్లాడు అగ్గిపుల్లలు విరిచాడు, అమ్మ వంటింట్లోంచి నాలుగు కందిపప్పు బద్దలు తెమ్మంది. నాకు గులకరాళ్ళు. నాలుగు తెల్లగా పడితే చెమ్మ, నాలుగు నల్లగా పడితే అష్ట. మొదటి వంతులోనే నేను నోరు విప్పాను. “అష్ట పడే సంభావ్యత పదహారులో ఒకటి, కానీ పిక్క రెండు పక్కలా సమానంగా లేదు గనక...” పిల్లాడు నా వైపు బిత్తరగా చూశాడు. అమ్మ, “వెయ్యవే నీ వంతు” అంది.

నాలుగో చుట్టులో అమ్మకి మూడు పడింది. నాలుగు గళ్ళు జరిపి నా రాయిని చంపింది. నేను చూశాను.

“అమ్మా, మూడే పడింది. నాలుగు జరిపావు.”

“తూచ్” అంది అమ్మ, నవ్వుతూ. పై వరసలో పళ్ళు లేవు.

“తూచ్ ఏంటి, వెనక్కి పెట్టు. లెక్క లెక్కే.”

నా గొంతు పెరిగింది. నాకు వినిపిస్తూనే ఉంది, ఆపలేకపోయాను. గళ్ళు మళ్ళీ లెక్కపెట్టి, వేలు పెట్టి చూపించి, అమ్మ పప్పుబద్దని వెనక్కి లాగి, నా రాయిని మళ్ళీ నిలబెట్టాను. పక్కింటి పిల్లాడు లేచిపోవాలా అన్నట్టు గుమ్మం వైపు చూశాడు. పిల్ల కాసేపు నన్ను చూసి, తర్వాత అమ్మ చెవి దగ్గరికి వంగి, మొత్తం అరుగుకి వినపడేలా గుసగుసగా అడిగింది.

“నాయనమ్మా, అత్తని అరటిపండు చేద్దామా?”

“చేసేద్దాం” అంది అమ్మ.

అప్పట్నుంచి నా రాళ్ళని ఎవరూ చంపలేదు. నా వంతు రాగానే పిక్కలు ఇచ్చేవారు, నేను వేసేదాన్ని, ఎంత పడిందో ఎవరూ చూసేవారు కాదు. నేను ఐదు జరిపినా ఏడు జరిపినా అడిగేవారు లేరు. మొహం మండిపోయింది ముందు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను కూడా. వాళ్ళు ముగ్గురూ ఒకరినొకరు చంపుకుంటూ, తొండి అంటే తొండి అనుకుంటూ, అమ్మ మరో రెండుసార్లు తూచ్ చెప్పి, పిల్లాడు ఒకసారి ఏడిచి మళ్ళీ నవ్వి, ఆట ఎంతసేపు సాగిందో తెలియదు. నా రాయి ఒకటి ఎప్పుడో నడిమి గడిలోకి చేరింది. “పండింది” అన్నాను. ఎవరూ తలెత్తలేదు.

“అత్తా, ఈ పిక్కలు ఎవరివి?” అంది పిల్ల, వాటిని గుప్పిట్లో గలగలలాడిస్తూ.

“మా బడిలో ఒక అమ్మాయి ఇచ్చింది.”

“ఆడుకోమనా?”

నేను మాట్లాడలేదు.

“మరి ఆ అక్క వేటితో ఆడుకుంటోంది?”

పిల్ల జవాబు కోసం ఆగలేదు, గుప్పిట విప్పి పిక్కలు నా చేతిలో పోసింది. నా వంతు. వేశాను. రెండు పడ్డాయి.